కింది చెయ్యి

ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే మన్నించండి. చెయ్యి కూడా నెమ్మది నాది. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది ఇట్లాగే ఉంటుందా అని చూసుకుని ముందుకు పోతాను. యాభై ఏళ్లు దగ్గరపడ్డాక పట్టుబడిన అక్షరాలు ఇవి. తప్పులు దిద్దే మనిషి నాకొకరు ఉన్నారు, కాని ఆ మనిషి ఇప్పుడు ఎదురుగా కనిపించే తలుపు లోపల, ఆపరేషన్ బల్ల మీద ఉంది. నా కూతురు గౌతమి. ఇరవై నాలుగేళ్ల పిల్ల. లోపలికి పోయేముందు ఈ నోటుబుక్కు నా ఒళ్లో పడేసి, "ఊకె కూసుంటే నీ మనసు యాడికో పోతది. యాడికి పోతే అదే రాయి. నేనొచ్చినంక సదువుత," అంది. అందుకని రాస్తున్నాను.

గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలు. ఇప్పుడే ఒక సిస్టర్ తలుపు సగం తెరిచి, "గౌతమి వాళ్లమ్మ ఎవరు? ముక్క తీసి ల్యాబుకు పంపిన్రు. గంట పడ్తది. రిపోర్టు వస్తేనే ఏ గీత అన్నది సారు చెప్తడు," అని మళ్లీ మూసుకుంది. ఏ గీత. పొద్దున ఏడు గంటలకు జగన్మోహన్ సారు గౌతమి ఎడమ చేతి మీద నీలం పెన్నుతో రెండు గీతలు గీశాడు. మొదటిది అరచేతిలో, నడిమి వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి కిందికి దిగి మణికట్టు పక్కకు తిరుగుతుంది. అక్కడ ఆగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు, వాటి కింది అరచెయ్యి పోతాయి, మూడు వేళ్ల చెయ్యి మిగులుతుంది. రెండో గీత మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, గాజులు దాటాక, కంకణంలాగా చుట్టూ. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉంటే మొదటి గీత. అంచుల్లో కూడా జబ్బు ఉంటే రెండోది. రెండింటికీ గౌతమే సంతకం పెట్టింది. గీతలు ఆరేదాకా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మా దుకాణంల కామాక్షి మేడం జాకిట్ బట్ట మీద గిట్లనే మార్కింగ్ పెడ్తది సార్. మీరే జర నీట్‌గ పెట్టిన్రు," అంది. సారు నవ్వాడు. నేను ఆ నీలం రంగునే చూస్తున్నాను. చర్మం గీతల్లోకి కొంచెం పాకి, ఇంకు అంటిన నూలులాగా, అంచులు మెత్తబడి.

పక్క కుర్చీలో లాలాపేట్ నుంచి వచ్చిన శాంతాబాయి అనే ఆమె ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఆమె భర్త బసవరాజు కూడా లోపలే ఉన్నాడు, ఇంకో బల్ల మీద. ఆమె నా బుక్కు వైపు తొంగి చూసి, "ఏం రాస్తున్నవ్ చెల్లె, కోర్టు కాయిదమా?" అంది. కాదక్కా, బిడ్డ రాయమన్నది అన్నాను. "మా పోరడు ఫోన్ జెయ్యమంటడు, నీ బిడ్డ రాయమంటదా! మంచిగున్నది. మా ఆయనకు పిత్తంల రాళ్లు. ముప్పై తొమ్మిదేండ్లు నా నెత్తి మీద ఏసిన రాళ్లు ఆయన కడుపులకెట్ల పోయినయో, డాక్టర్నే అడగాలె." నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఒళ్లు కదిలేటట్టు నవ్వాను. ఆ తర్వాత, "నీ బిడ్డకేంది మరి?" అంటే చేతికి అన్నాను. "చెయ్యే గదా," అని, నా ముఖం చూసింది. బత్తాయి ఒలిచి నాలుగు తొనలు బుక్కు మీదే పెట్టింది. ఈ తడి మరక అదే.

దీని పేరు సార్కోమా. ముందు ఇంకో పొడుగు మాట ఉంది, అది నా నోరు తిరగదు. ఎముకలో కాదు, మెత్తని కండలో పుడుతుందట, లక్షల మందిలో ఒకరికి, అదీ నాలాంటి వాళ్లకు కాదు, పెళ్లిళ్లు చేసుకునే వయసు పిల్లలకు. నెమ్మదిగా పెరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే దాని మోసం అన్నాడు సారు. నొప్పి ఉంటే మనిషి పరిగెత్తి వస్తాడు, లేకపోతే ఇంట్లో కూర్చుని చూస్తూ ఉంటాడు. చూస్తూ అన్నాడు ఆయన. నేను చూస్తూ ఊరుకోలేదు. ఏం చేశానో రాయాలి. రాస్తాను. కొంచెం ఆగి రాస్తాను.

ఈ హాల్లో ఏసీ ఒకటే మోత. కళ్లు మూసుకుంటే ఏసీ కాదు, నాచారంలో మా దారం కంపెనీ. పందొమ్మిదేళ్లు విన్న మోత ఒంట్లో ఎక్కడో నిలవ ఉంటుంది కాబోలు. పైన గాజు పలకల్లోంచి ఎండ ఏటవాలుగా దిగేది, ఆ ఎండలో దూది నుసి తేలుతుండేది, కింద పడేది కాదు, పైకి పోయేది కాదు, మేము ఆడవాళ్లం ముప్పై మందిమి అందులో చెరువు చేపల్లాగా మెల్లగా తిరిగేవాళ్లం. కనుబొమల మీద, ముక్కు పుడక మీద, కొప్పు మీద తెల్లగా. ఇంటికి వస్తే చిన్న గౌతమి నా రెప్పల మీది దూదిని ఒక్కొక్క పోగే ఏరేది, "నీ కండ్లు ముసలైనయే అమ్మా," అనేది, రెండు వేళ్ల చివరలతో, ఊపిరి బిగబట్టి, అప్పుడే అనుకున్నాను ఈ పిల్ల చేతిలో పని ఉందని. నా పని వైండింగ్‌లో. కండె మీది దారం తిరిగే కోను మీదికి ఎక్కుతూ నా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి పోయేది. అది కంటి పని కాదు. కన్ను ఎటైనా చూడొచ్చు, కిటికీలోంచి పోయే పావురాన్ని చూడొచ్చు, ముడి వస్తే వేలే చెబుతుంది. ముడులు రెండు రకాలు. వేలి కింద కదలకుండా గట్టిగా ఉంటే కత్తిరించి కొత్తగా అతకాలి, కోను ఆపాలి. వేలి కింద అటూ ఇటూ జరిగితే అది మంచి ముడి, ఇంత మైనం రాసి రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే అణిగిపోతుంది, కోను ఆపే పని లేదు. ఆ దొర్లించడంలో నాకు పేరు. మా సూపర్‌వైజర్ భూషణం, "ఉప్పలమ్మ ఏలు తగిల్తే ముడి సిగ్గువడి పోతది," అనేవాడు. కొత్తగా వచ్చిన పిల్లలను నా పక్కన నిలబెట్టేవాడు. ఆ మాట నేను ఎంత దాచుకున్నానంటే, కంపెనీ మూసేశాక కూడా ఖాళీగా కూర్చుంటే నా రెండు వేళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూనే ఉండేవి. ఇప్పుడు కూడా. కలం పట్టని చేతిలో, చూసుకుంటే, దొర్లుతున్నాయి.

గోరింటాకు వాసన. ఇక్కడ ఎక్కడిది గోరింటాకు, ఇది చేతులకు రాసుకునే మందు నీళ్ల వాసన, కాని నాకు గోరింటాకే వస్తోంది. ఆషాఢంలో ఒక ఆదివారం, వాన పడి వెలిసింది, చిలకానగర్‌లో మేముండే గది ముందు రేకుల మీంచి నీళ్లు కారుతున్నాయి, నేను గౌతమి ఎడమ అరచేతిలో గోరింటాకు చందమామ పెడుతున్నాను. చిటికెన వేలి కింద ఒక పెసరగింజ. చర్మం కింద, లోపల. నా వేలు దాని మీద ఆగింది, దారం మీద ఆగినట్టే. ఏందే ఇది అంటే, "ఏమో. మగ్గం ఫ్రేం ఒత్తుకుని కాయ కాసినట్టుంది," అంది. నొక్కితే అటు జరిగింది. ఇటు జరిగింది. జరిగే ముడి. నాకు భయం కాలేదు, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కాని, నాకు సంతోషమైంది. నాకు తెలిసిన పని ఇన్నాళ్లకు మళ్లీ నా చేతికి వచ్చింది. దవాఖానా ఎందుకు, నేను అణగదొక్కుతాను అన్నాను. ఆముదం వేడిచేసి, అందులో ఇంత మైనం కరిగించి, ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

అక్షరాలు కూడా అప్పటి నుంచే. అది పిల్ల పెట్టిన షరతు. రోజూ ఏడు గంటలకు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని ఎడమ చెయ్యి నా ఒళ్లో పెట్టేది. కుడి చెయ్యి నా కుడి చేతి మీద వేసేది. "నువ్వు నాది రుద్దు, నేను నీది తిప్పుత. లెక్క సమానం." నా ఎడమ చెయ్యి దాని అరచేతిలో గుండ్రంగా తిరుగుతుంటే, నా కుడి చెయ్యి పలక మీద దాని చేతి కింద గుండ్రంగా తిరిగేది. అ రాయడమూ అంతే, గుండ్రంగా. ఆముదం వాసన, సుద్ద వాసన. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ఉన్నట్టుండి వేల మంది ఒక్కసారి అరిచిన చప్పుడు గాలిలో వచ్చి మా గది నిండేది, "సూసినవా, నువ్వు క రాసినవని మొత్తం ఉప్పల్ చప్పట్లు కొడ్తున్నది," అనేది. పెసరగింజ శనగగింజ అయినప్పుడు నేను గుణింతాల్లో ఉన్నాను. అది వాపు పైకి తేలుతోంది, తేలితే కరుగుతుంది అన్నాను. ఒత్తులు వచ్చేసరికి చింతగింజ. ఒకరోజు బస్సులో కూర్చుని ఉప్పల్ నుంచి తార్నాక దాకా గోడల మీది మాటలన్నీ పైకే చదువుకుంటూ పోయాను, పక్కన కూర్చున్న ఆమె నా వైపు చూసి జరిగి కూర్చుంది, అయినా ఆపలేదు, ఇన్నేళ్లు ఈ గోడలన్నీ మాట్లాడుతున్నాయని నాకు తెలియదు. అంత సంతోషంగా ఇంటికి వచ్చిన రోజే అది వేలి కింద జరగడం మానేసింది. జరగలేదు. గట్టి ముడి. నాకు తెలుసు గట్టి ముడి అంటే ఏం చెయ్యాలో. కోను ఆపాలి. నేను ఆపలేదు. ఇంకొంచెం మైనం వేశాను.

ఇదీ నేను రాయాలనుకున్నది. రెండేళ్లు. తొలిరోజు సారు, ఈ గడ్డ ఎన్ని రోజుల నుంచి ఉందమ్మా అని అడిగితే, గౌతమి నోరు తెరిచేలోపు నేనే, "నాలుగు నెలలు సార్," అన్నాను. గౌతమి నా వైపు తిరిగి చూసింది. సారు కాగితం మీద రాసుకున్నాడు, నాకు అంకెలు ముందే వచ్చు, నాలుగు అంకె వెయ్యడం చూశాను. అప్పటికి పైన చర్మం పగిలి చిన్న పుండు అయింది, మానదు. రెండేళ్లు అని చెబితే ఆయన ఇంకేమైనా పరీక్ష రాసేవాడేమో. గీత ఇంకో చోట గీసేవాడేమో. రెండో గీత నేనే గీశానేమో, రోజూ సాయంత్రం, ఆముదంతో, గుండ్రంగా.

లేచి తలుపు దాకా పోయాను. ఇప్పుడే పోయి వచ్చాను. సిస్టర్‌ను పిలిచి, నాలుగు నెలలు కాదమ్మా రెండేళ్లు, సారుకు చెప్పు అందామని చెయ్యి ఎత్తాను. అప్పుడే తలుపు లోపలి నుంచి తెరుచుకుంది, బసవరాజును బండి మీద తీసుకొచ్చారు, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. శాంతాబాయి పరిగెత్తుకొచ్చి ఆయన దుప్పటి సర్దుతూ, "రాళ్లు ఏవమ్మా? నాకియ్యుండ్రి, ఇంటికి తీస్కపోత," అంటోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. నేను పక్కకు తప్పుకున్నాను. బండి పోయింది. తలుపు మూసుకుంది. మళ్లీ చెయ్యి ఎత్తలేదు. వచ్చి కూర్చున్నాను. ఆమె కుర్చీలో బత్తాయి తొక్క ఉంది.

పదకొండు నలభై. గౌతమి పని గురించి రాస్తే కొంచెం ఊపిరి ఆడుతుంది. హబ్సిగూడలో కామాక్షి మేడం దగ్గర మగ్గం వర్క్. పెళ్లి జాకిట్ల మీద జరీ, ముత్యాలు, నెమళ్లు. చెక్క ఫ్రేముకు బట్టను డప్పులాగా బిగించి కడతారు, ఇద్దరేసి ముగ్గురేసి చుట్టూ నేల మీద కూర్చుంటారు. చూసేవాళ్లకు పై చెయ్యే కనిపిస్తుంది, కుడిచెయ్యి, కొక్కెం ఉన్న సూదిని టకటకా దించుతూ, పైకి లాగుతూ. అందరూ దాన్నే చూస్తారు. కాని సూది కిందికి దిగినప్పుడు బట్ట అడుగున చీకట్లో ఒక చెయ్యి కాచుకుని ఉంటుంది. సూది కొక్కేనికి దారం తగిలించేది అది. ప్రతి కుట్టుకూ. అది ఒక్కసారి తప్పితే పై చెయ్యి వట్టి బట్టకు బొక్కలు పొడిచినట్టే. మొదటిసారి నేను వాళ్ల దుకాణానికి పోయినప్పుడు వంగి ఫ్రేము కింద చూశాను. పైన నెమలి. కింద, దాని ఎడమ చెయ్యి, తలకిందులుగా, రెండు వేళ్ల మధ్య దారం పట్టుకుని, చీకట్లో ఒక్కతే పనిచేసుకుంటోంది. నెమలి అడుగు వైపు కూడా కనిపించింది, అన్నీ ముడులు. నాకు ఆ అడుగు వైపే బాగుంది. "పైకొచ్చి సూడవే, అందరు నవ్వుతున్నరు," అంది గౌతమి. అది ఎడమ చెయ్యి. గీతలు ఉన్న చెయ్యి.

మా ఆయన రామస్వామి ఉండి ఉంటే ఏమనేవాడు. ఏదో ఒక పరాచికం ఆడేవాడు. మల్లాపూర్‌లో ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు, రేకును దాని కింద పెట్టడం, తియ్యడం, పెట్టడం, తియ్యడం. ఉంగరపు వేలు సగం దాంట్లో పోయింది, గౌతమి పుట్టకముందే. అక్కడ పనిచేసే వాళ్లందరికీ అంతో ఇంతో పోయి ఉండేవి. "మల్లాపూర్‌ల ఎవని సర్వీసు ఎంతో అడగొద్దు, ఏండ్లు సూడొద్దు, ఏళ్లు సూడాలె. పది ఉన్నయంటే వాడు నిన్న వచ్చినట్టు," అనేవాడు. గౌతమి లెక్కలు ఆయన వేళ్ల మీదే నేర్చుకుంది. ఒకటి, రెండు, మూడు, చివరికి తొమ్మిదిన్నర. బడిలో టీచరమ్మ పది దాకా లెక్కపెట్టమంటే తొమ్మిది తర్వాత తొమ్మిదిన్నర అని ఆగిపోయిందట. ఆయనను పిలిపించారు. పోయి చెయ్యి చూపించి వచ్చాడు. ఆ సగం వేలితోనే పిల్ల బుగ్గ మీద కొట్టేవాడు, ఆ మొండి చివర ఎంత మెత్తగా ఉండేదో, దూది కన్నా. గుండె ఆగి మల్లాపూర్ బస్టాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, ఆరేళ్లు అయింది. ఇంటికి తెచ్చాక నేను ఆ చెయ్యే పట్టుకుని ఉన్నాను, తొమ్మిదిన్నరకు ఒక్కటి కూడా తక్కువ కాలేదు.

ఏసీ మోత. కళ్లు బరువుగా ఉన్నాయి, రాత్రి నిద్ర లేదు. పొద్దున ఆటోలో వస్తుంటే ఉప్పల్ రోడ్డు మధ్య ఆ పెద్ద పిల్లర్లు, పైన రోడ్డు ఇంకా లేనివి, ఇనుప చువ్వలు వేళ్లు చాపినట్టు ఆకాశంలోకి, మంచు పట్టి. గౌతమి వాటినే చూస్తూ కూర్చుంది. దాని ఎడమ చెయ్యి నా ఒళ్లో ఉంది, అలవాటుగా. నా వేళ్లు కూడా అలవాటుగా దాని మీదికి పోయి, ఆగిపోయాయి. నాచారం వైపు మలుపు వచ్చినప్పుడు మా కంపెనీ గోడ గుర్తొచ్చింది. పోయిన ఏడు ఒకసారి అటు నడిచాను. గేటుకు తాళం, లోపల పిచ్చి చెట్లు. వైండింగ్ తలుపు పక్క గోడ మీద పసుపు రంగు బోర్డు ఇంకా ఉంది. పందొమ్మిదేళ్లు దాని కింద నుంచి నడిచాను, అది కంపెనీ పేరు అనుకున్నాను. గేటు ఊచల మధ్య నుంచి చదివాను. చేతులు జాగ్రత్త. అంతే ఉంది దాని మీద. నిలబడి రెండుసార్లు చదివాను. ఇంటికి పోయి ఆముదం వేడిచేశాను.

ఇప్పుడు ఆ తలుపు కింద సందులోంచి ఒక దారం వస్తోంది. నాకు తెలుసు అది లేదని. అయినా వస్తోంది, నీలంగా, సన్నగా, నున్నటి నేల మీద పాకి నా చెప్పుల దాకా వచ్చి, పైకెక్కి నా రెండు వేళ్ల మధ్యకు దూరింది. మెల్లగా పోతోంది. అవతలి కొస లోపల, బల్ల మీద, దాని చేతిలో ఉంది. నేను కన్ను మూసి వేలితో వింటున్నాను. నున్నగా ఉంది. ఇంకా నున్నగా ఉంది. ఎండ ఏటవాలుగా దిగింది, నుసి తేలుతోంది, చిన్న గౌతమి నా రెప్పల మీద దూది ఏరుతోంది, రామస్వామి సగం వేలితో గోడ మీద చందమామ గీస్తున్నాడు, పెసరగింజ నీళ్లలో మునిగి మొలకెత్తుతోంది, మొలక మీద క కారం, ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ముడి రావద్దు. ముడి వస్తే ఈసారి నేను దొర్లించను, అణచను, ఆపుతాను, కత్తిరిస్తాను, నాకు ఆ రెండో రకం పని కూడా వచ్చు, భూషణమన్నా, నన్ను పొగడకు, ఆ కోను ఆపు.

"గౌతమి వాళ్లమ్మా! ఓ పెద్దమ్మా!"

ఇది ఎడమ పేజీ మీద, సాయంత్రం రాస్తున్నాను. సిస్టర్ పిలిచినప్పుడు కలం కింద పడి ఎటో దొర్లిపోయింది. లేచి నిలబడ్డాను. ఆమె మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగి, "అంచులు సాఫ్‌గున్నయట. మొదటి గీత కాడనే ఆగిన్రు," అంది. నాకు వినబడింది, కాని ఇంకోసారి చెప్పమన్నాను. "మొదటి గీత, అమ్మా. మూడు ఏళ్లు ఉన్నయి." మూడు ఏ మూడు అని అడిగాను, తెలిసి కూడా. ఆమె తన చెయ్యి ఎత్తి, చివరి రెండూ మడిచి చూపించింది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు. బట్ట అడుగున దారం పట్టే వేళ్లు అవే. కుర్చీలో కూర్చోబోయి నేల మీద కూర్చున్నాను.

అయిపోలేదు. ఆ మాట సారు స్పష్టంగానే చెప్పాడు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి, మూడు నెలలకోసారి ఊపిరితిత్తుల ఫోటో తియ్యాలి, ఈ జబ్బు చాలా ఏళ్ల తర్వాత కూడా తిరిగి తలుపు కొట్టొచ్చు. ఆయన వార్డులోకి వచ్చి ఇదంతా చెబుతుంటే నేను మధ్యలో, "నాలుగు నెలలు కాదు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రెండేండ్లు. నేనే రుద్దిన. రోజు రుద్దిన, మైనమేసి. నాలుగు అని అబద్ధం జెప్పిన." తిడతాడని తల వంచుకుని ఉన్నాను. "రుద్దినందుకు రాలేదమ్మా ఇది," అన్నాడు, "కాని రెండేళ్లు ఆగకుండా ఉండాల్సింది." రెండు మాటలూ నిజమే అన్నట్టుగా, ఒకే గొంతుతో. కాగితం తీసి నాలుగు కొట్టేసి పక్కన రెండేళ్లు అని రాశాడు. ఇప్పుడు అక్కడ నిజం ఉంది.

గౌతమికి మెలకువ వచ్చింది అప్పటికే. కట్టు కట్టిన చెయ్యి పైకి వేలాడదీశారు, పిల్ల ఆ కట్టు వైపు చాలాసేపు చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఎన్ని పోయినయ్?"

"రెండు బిడ్డా."

కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. "అయితే నాయిన కంటే నేనే సీనియర్," అంది. కంటి కొస నుంచి ఒక చుక్క చెవిలోకి జారింది. తుడిచాను. తర్వాత, "రాసినవా? సదువు," అంది.

మొదటి నుంచి చదివాను. ఎంత నెమ్మదిగా రాస్తానో అంత నెమ్మదిగా చదువుతాను. శాంతాబాయి రాళ్ల మాట దగ్గర గౌతమి నవ్వబోయి నొప్పికి మూలిగింది. జరిగే ముడి దగ్గరకు వచ్చాను. నాకు సంతోషమైంది అని రాసుకున్న చోట ఆగాను. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు.

"ఎందుకాగినవ్?"

చదివాను. గట్టి ముడి దాకా, ఇంకొంచెం మైనం దాకా, మొత్తం చదివాను. అది పైకప్పు వైపు చూస్తూ విన్నది.

"నాకెరుకే," అంది చివరికి. "తగ్గుతలేదని నాకు ఎప్పుడో ఎరుక. పోయినేడు ఎండకాలంలనే. సెప్తే నువ్వు రుద్దుడు బంద్ జేస్తవు. రుద్దుడు బంద్ జేస్తే నువ్వు కూసోవు. పని ఉందని లేస్తవు. అప్పటికి నీకు ఒత్తులు గూడ రాలే."

కోపం వచ్చింది, ఇది కూడా రాయాలి, దాని మీద చాలా కోపం వచ్చింది, ఒత్తుల కోసం వేళ్లు ఇచ్చుకుంటారా ఎవరైనా అని అరవాలనిపించింది, అంతలోనే ఆ కోపం ఎవరి మీదో తెలియకుండా పోయింది. "ఇంక నా దగ్గర దాయకు," అన్నాను. "నువ్వు దాస్తవా మరి?" అంది. దాయను అన్నాను. లెక్క సమానం అనలేదు ఈసారి.

ఏడు గంటలైంది. వార్డులో లైట్లు వేశారు. ఆ వేళకు నా చేతులు ఏం చెయ్యాలో తోచక ఒళ్లో పడి ఉన్నాయి. గౌతమి కళ్లు తెరవకుండానే కుడి చెయ్యి జరిపి నా ఒళ్లో పెట్టింది. ఆముదం లేదు, మైనం లేదు. వట్టి చెయ్యి. నా వేళ్లను నేను నమ్మను ఇక. అయినా బొటనవేలి అడుగు నుంచి మొదలుపెట్టి, ఒక్కో వేలి మధ్యా, అరచేతి అంచు వెంబడి, మణికట్టు దాకా మెల్లగా వెతికాను. ఏమీ తగలలేదు. రేపు ఒకసారి ఈ చెయ్యి కూడా సారుకు చూపిస్తాను.

ఇట్లు,
ఉప్పలమ్మ, యాభై రెండేళ్లు. ఇదివరకు నాచారంలో, ఇప్పుడు ఉప్పల్ చిలకానగర్‌లో నా కూతురు గౌతమితో ఉంటున్నాను.